గలిలయ కొండ మీది పాటగాడికి స్వర్ణోత్సవ అభినందన

1973లో అమెరికా వెండితెర మీదికి యేసుక్రీస్తు మూడుసార్లు వచ్చాడు. మూడుసార్లూ పాటలతోనే వచ్చాడు. 'గాడ్‌స్పెల్'లో సూపర్‌మ్యాన్ గుర్తున్న చొక్కా తొడుక్కుని న్యూయార్క్ వీధుల్లో శిష్యులతో గంతులేశాడు. 'జీసస్ క్రైస్ట్ సూపర్‌స్టార్'లో ఇజ్రాయెల్ ఎడారిలో రాక్ సంగీతం హోరు మధ్య నిలబడి తండ్రినే నిలదీశాడు. ఆ రెండూ అప్పటికే రంగస్థలం మీద జేజేలు అందుకుని వచ్చినవి, వెనక పెద్ద స్టూడియోల అండ ఉన్నవి. మూడో సినిమా పేరు 'ది గాస్పెల్ రోడ్'. దాని వెనక ఉన్నదల్లా ఒక గాయకుడు, ఆయన భార్య, పాటలు పాడి ఆయన కూడబెట్టిన సొమ్ము.

మొదటి రెండింటి యాభై ఏళ్ల పండగకి ఎవరూ పిలవనక్కర్లేదు, జనం వాళ్లే వస్తారు. మూడోదానికి పందిరి వేసేవాళ్లే తక్కువ. కాబట్టి ఈ నాలుగు మాటలు. జానీ క్యాష్ నిర్మించి, కథనం రాయడంలో చెయ్యేసి, పాడి, తన గొంతుతో మొదటి నుంచి చివరి దాకా చెప్పుకుపోయిన ఆ గంటన్నర సినిమాకి 2023లో యాభై ఏళ్లు నిండిన సందర్భంగా, దాన్ని తీసినవాళ్లకీ, అందులో వేషం కట్టినవాళ్లకీ, చర్చి గోడ మీద తెల్లదుప్పటి పరిచి దాన్ని ఊరూరా బతికించినవాళ్లకీ హృదయపూర్వక అభినందనలు.

క్యాష్ పేరు మనవాళ్లలో కొందరికి 'ఐ వాక్ ద లైన్' పాటతో తెలుసు. ఇంకా కొందరికి ఆయన చివరి రోజుల్లో పాడిన 'హర్ట్' వీడియోతో తెలుసు. నల్లబట్టల మనిషి, జైళ్లలో కచేరీలు చేసినాయన, కోలముఖం మీద గీతల మనిషి. ఈ రెండు కొసల మధ్య ఉన్న భక్తుడు మాత్రం చాలామందికి తెలియదు. తెలిసినవాళ్లు కూడా ఆ భక్తిని ఆయన జీవితంలో ఒక మలుపుగా, ఒక దశగా చెబుతారు. నిజానికి అది ఆయన పాటకంటే ముందే ఉంది.

1932లో ఆర్కాన్సా రాష్ట్రంలో పుట్టారు. ఆర్థిక మాంద్యం కాలంలో ప్రభుత్వం పేద రైతులకి భూమి ఇచ్చి కట్టించిన డైస్ అనే కాలనీలో పెరిగారు. పత్తి చేలు. పొద్దస్తమానం పత్తి తీస్తూ ఇంటిల్లిపాదీ పాడుకునేవి చర్చి పాటలే. అన్న జాక్‌కి పద్నాలుగేళ్లకే పాస్టర్ కావాలని పట్టుదల, ఎప్పుడూ చేతిలో బైబిలే. 1944లో కట్టెలు కోసే రంపం మీద పడి ఆ కుర్రాడు చనిపోయాడు. చివరి ఘడియల్లో దేవదూతల పాట వినిపిస్తోందా అని తల్లిని అడిగాడని క్యాష్ జీవితాంతం చెప్పుకుంటూనే వచ్చారు. అప్పుడు తమ్ముడికి పన్నెండేళ్లు. అన్న చెప్పాల్సిన వాక్యం తనకి అప్పగించి పోయాడన్న బరువు ఆ పిల్లాడి మీద పడిందని నేననుకుంటాను. తల్లి క్యారీ, కొడుకు గొంతు మారిన రోజు విని, అది దేవుడిచ్చిన వరం అందట. సంగీతం నేర్పించడానికి ఆమె ఇతరుల బట్టలుతికి డబ్బు కూర్చింది. ఆ పాఠాలు చెప్పిన టీచరు కొన్నాళ్లకే, నీకు పాఠాలు వద్దు, నీ గొంతు నీకు అలాగే ఉండనీ అని పంపించేసింది. ఆ టీచరుకి కూడా ఒక దండ వేయాలి.

వాయుసేనలో చేరి జర్మనీలో పనిచేసి వచ్చాక, మెంఫిస్ నగరంలో ఇంటింటికీ తిరిగి సామాన్లు అమ్ముతూ, సన్ రికార్డ్స్ యజమాని శామ్ ఫిలిప్స్ తలుపు తట్టారు. భక్తి పాటలు పాడతానన్నారు. అవి అమ్ముడుపోవు, వేరేవి ఉంటే తీసుకురా అన్నారు ఫిలిప్స్. (ముందు వెళ్లి పాపం చేసి రా, అప్పుడు అమ్ముడయ్యే పాట వస్తుంది అని ఫిలిప్స్ అన్నట్టు ఒక కథ ప్రచారంలో ఉంది. క్యాష్ దాన్ని కాదన్నారు. చమత్కారంగా ఉందని ఇప్పటికీ రాసేవాళ్లు రాస్తూనే ఉన్నారు.) మిగతా పాటలతో పేరొచ్చింది. 1958లో కొలంబియా కంపెనీకి మారడానికి ఉన్న కారణాల్లో భక్తి పాటలు రికార్డు చేసుకునే వెసులుబాటు ఒకటి. మరుసటి ఏడాదే కీర్తనల ఆల్బమ్ ఒకటి తెచ్చారు. అంటే ఈ మనిషి వృత్తిలోకి వచ్చిందే ఆ పాట కోసం. దానికోసం పదిహేడేళ్లు పక్కదారుల్లో నడిచి, 1971లో అసలు దారెక్కారు.

ఆ పక్కదారులు చిన్నవి కావు. మత్తు మాత్రలు, అరెస్టులు, విడాకులు, రద్దయిన కచేరీలు. 1967లో చచ్చిపోదామని టెనెసీలోని నికజాక్ గుహలోకి పాకుతూ వెళ్లి, చీకట్లో దేవుడి సన్నిధి తగిలి వెనక్కి వచ్చానని ఆయనే చెప్పుకున్నారు. ఆ సమయానికి గుహలోకి ఆనకట్ట నీళ్లు వచ్చి ఉంటాయని లెక్కలు కట్టి జీవితచరిత్రకారులు అనుమానపడ్డారు. సాక్ష్యం చెప్పేవాడి కథలో తేదీలు తేడా పడటం మన సంఘాల్లో మాత్రం తక్కువా! 1968 జనవరిలో ఫోల్సమ్ జైలు కచేరీ, మార్చిలో జూన్ కార్టర్‌తో పెళ్లి, అదే ఏడు పవిత్ర భూమి యాత్ర. చేతిలో టేప్ రికార్డరు పట్టుకుని ఆ ఊళ్లలో తిరుగుతూ తాను చూసింది చూసినట్టు మాట్లాడి, ఆ మాటల మధ్య పాటలు కూర్చి 'ది హోలీ ల్యాండ్' అనే ఆల్బమ్ చేశారు. కానా ఊళ్లో నీళ్లు ద్రాక్షారసమైన కథ మీద రాసిన పాట ఆ యాత్రలోనిదే, తరవాత సినిమాలోనూ చేరింది. గాస్పెల్ రోడ్‌కి అసలు నమూనా ఆ రికార్డే. నడుస్తూ చెప్పడం, చెబుతూ పాడటం అందులోనే మొదలైంది.

తరవాత టీవీ. 1969 నుంచి 1971 దాకా ఏబీసీ ఛానెల్‌లో ఆయన షో నడిచింది, నాష్‌విల్లోని రైమన్ ఆడిటోరియం నుంచి. అందులో ఒకరోజు తాను క్రైస్తవుణ్ణని కెమెరా ముందే చెప్పేశారు. ఛానెల్ పెద్దలకి రుచించలేదు. షో ఆగిపోవడానికి అదొక్కటే కారణమనలేం. ఆ ఏడు అమెరికా ఛానెళ్లు పల్లె వాసన ఉన్న కార్యక్రమాలన్నింటినీ ఏరి పారేశాయి. ఏమైతేనేం, 1971లో ఆయనకి తీరిక దొరికింది, చేతిలో డబ్బుంది, నాష్‌విల్లో ఇవాంజెల్ టెంపుల్ అనే చిన్న సంఘంలో పదిమంది ఎదుట తన జీవితాన్ని మళ్లీ సమర్పించుకున్నారు. కంట్రీ గాయకుడు హ్యాంక్ స్నో కొడుకు జిమ్మీ స్నో ఆ సంఘానికి పాస్టర్. ల్యారీ గాట్లిన్ ఆ సంఘంలో పాడిన పాట విని క్రిస్ క్రిస్టాఫర్సన్ లాంటి దేశదిమ్మరి కవి కూడా కన్నీళ్లు పెట్టుకున్నారంటే, ఆ రోజుల్లో ఆ నాలుగు గోడల మధ్య ఎలాంటి గాలి వీచిందో ఊహించుకోవచ్చు.

ఇక జూన్ కల. పవిత్ర భూమిలో ఒక కొండ మీద, చేతిలో పుస్తకం పట్టుకుని, భర్త నిలబడి యేసు గురించి చెబుతున్నట్టు ఆమెకి కల వచ్చింది. భార్యకి వచ్చిన కలని సినిమా స్క్రిప్టుగా తీసుకున్న నిర్మాత ఇంకొకరు నాకు తెలియదు. కానీ సినిమా సరిగ్గా అలాగే మొదలవుతుంది. గలిలయ సముద్రం మీదుగా చూసే కొండ, దాని మీద క్యాష్, చేతిలో గ్రంథం. కాబట్టి ఈ అభినందనలో మొదటి శాలువా జూన్ కార్టర్‌ది. ఆమె మగ్దలేనే మరియగా వేషం కట్టి, పాడి, మెప్పించడం తరవాతి సంగతి. ముందు ఆ చిత్రపటాన్ని చూసింది ఆమె.

1971 నవంబరులో ఇజ్రాయెల్‌లో షూటింగ్. దర్శకుడు రాబర్ట్ ఎల్‌ఫ్‌స్ట్రమ్. అంతకుముందు 1969లో క్యాష్ మీద డాక్యుమెంటరీ తీసింది ఆయనే. డాక్యుమెంటరీ తీసేవాళ్ల పద్ధతి తెలుసుగా, చిన్న బృందం, భుజం మీద కెమెరా, ఉన్న వెలుతురు, దొరికిన మనుషులు. ఆ పద్ధతిలోనే యేసు కథ తీశారు. మరి యేసు ఎవరు? పేరున్న నటుణ్ణి పెట్టలేదు. ఎల్‌ఫ్‌స్ట్రమ్‌కే గడ్డం, జుట్టు ఉన్నాయి కాబట్టి ఆయనే వేషం వేసుకున్నారు. దర్శకుడే ప్రభువు! బాలయేసుగా ఆయన కొడుకు. బాప్తిస్మమిచ్చు యోహానుగా ల్యారీ లీ. సిబ్బందిలోవాళ్లే కొందరు అవసరమైనప్పుడు అంగీ కప్పుకుని తెర మీదికి వచ్చారు. ప్రధాన యాజకుడు కయపగా క్యాష్ మేనేజరు సాల్ హోలిఫ్. ఆయన యూదుడు, క్యాష్ భక్తి ముదరడం చూసి లోలోపల ఇబ్బంది పడుతున్న మనిషి కూడా. అయినా వేషం వేసి పెట్టారు. 1973లోనే ఆయన క్యాష్ దగ్గర పని మానుకున్నారు. ఇష్టం లేని పనిని కూడా స్నేహం కోసం చేసిపెట్టిన ఆ పెద్దమనిషికి రెండో శాలువా కప్పుదాం.

పెద్ద ఖర్చు సినిమాతో పోల్చి చూస్తే గాని దీని గొప్ప తెలియదు. 1965లో జార్జ్ స్టీవెన్స్ 'ది గ్రేటెస్ట్ స్టోరీ ఎవర్ టోల్డ్' తీశారు. సుమారు రెండు కోట్ల డాలర్లు పోసి, ఊరూ పేరూ ఉన్న నటులందరినీ దించి, యూటా, నెవాడా కొండల్ని గలిలయ చేశారు. హాలీవుడ్ రాజులు అమెరికా ఎడారిలో పాలస్తీనా కడితే, పత్తిచేలో పుట్టిన పాటగాడు విమానం టిక్కెట్టు కొనుక్కుని అసలు గలిలయకే వెళ్లాడు. సెట్టు వేయడానికి డబ్బు లేనివాడికి ఉన్న ఊరే గతి. ఆ గతే ఈ సినిమాకి వన్నె తెచ్చింది. యొర్దాను అసలు యొర్దానే. ఒడ్డున రాళ్లు, నీటి మీద పొద్దు, గాలికి ఊగే గడ్డి ఏవీ కిరాయివి కావు.

ఇప్పుడు అసలు మాటకి వస్తాను. ఈ సినిమాని నాటకంలా చూస్తే సగం మార్కులే వస్తాయి. పాత్రలు మాట్లాడుకోవడం బహు తక్కువ. యేసు పలికే మాటలు కూడా క్యాష్ గొంతులోంచే వస్తాయి. ఆయన తెర మీద ఒకచోట నిలబడి, లేదా నడుస్తూ, కథ చెబుతారు. చెబుతుంటే బొమ్మలు కదులుతాయి. కథ గట్టి చోటికి వచ్చేసరికి మాట ఆగి పాట అందుకుంటుంది. పాట అయ్యాక మళ్లీ మాట. తెలుగువాడికి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. ఇది హరికథ. చిడతల బదులు గిటారు, గజ్జెల బదులు బూట్లు, అంతే తేడా. హరిదాసు రాముడి వేషం కట్టడు. తానుగా నిలబడి రాముణ్ణి పిలుస్తాడు, సీతమ్మ దుఃఖాన్ని తన గొంతుతో పలుకుతాడు, మధ్యలో ఈనాటి లోకం మీద ఒక చురక వేసి మళ్లీ కథలోకి దూకుతాడు. క్యాష్ చేసింది అచ్చం అదే. మన క్రైస్తవ సంఘాల్లోనూ హరికథగా, బుర్రకథగా క్రీస్తు చరిత్ర చెప్పినవాళ్లున్నారు కాబట్టి, నాష్‌విల్ నుంచి వచ్చిన ఈ దాసుగారు మనకి దూరపు చుట్టమేమీ కాదు.

ఈ ఎంపికలో వినయం ఉంది. అంత పేరున్న గాయకుడు, సొంత డబ్బు పెట్టినవాడు, తానే యేసు వేషం వేసుకుంటానంటే ఆపేవాళ్లెవరు? పేతురు వేషమైనా వేసుకోవచ్చు. పడి లేచిన శిష్యుడు కదా, ఆయన జీవితానికి సరిపోయేది కూడా. అదీ తీసుకోలేదు, పాల్ స్మిత్ అనే భారీకాయుడికి ఇచ్చారు. తాను తానుగానే ఉండి, ఇరవయ్యో శతాబ్దపు మనిషిగా చెప్పేవాడి చోటులో నిలబడ్డారు.

ఆ చోటు తీసుకోవడం వల్లే ఈ సినిమాలో అందరూ గుర్తుపెట్టుకునే సన్నివేశం సాధ్యమైంది. సిలువ వేసే ఘట్టంలో, కలువరి కొండ వెనక ఉన్నట్టుండి ఆనాటి అమెరికా నగరాలు వచ్చి నిలబడతాయి. మేడలు, దీపాలు, వీధులు. సిలువ అదే, వెనక ఊరు మారుతుంది. నాటకంగా తీసిన సినిమాలో ఇలా చేస్తే కథలోంచి జారి పడినట్టుండేది. ఇక్కడ కథ చెప్పేవాడు మొదటి నుంచీ ఈనాటివాడే, మన పక్కనే నిలబడి చెబుతున్నాడు. కథని మన ఊరి నడిబొడ్డుకి తెచ్చే హక్కు ఆయనకి ముందే వచ్చేసింది. ఒక్క డైలాగు లేదు, ఎవరికీ బోధ లేదు. నాకు తెలిసిన యేసు సినిమాల్లో సిలువ ఘట్టాన్ని ఇంత తక్కువ ఖర్చుతో ఇంత దగ్గరికి తెచ్చింది ఇంకొకటి లేదు. పసోలినీ 1964లో ఇటలీలోని మాతేరా ఊళ్లో, మామూలు జనంతో తీసిన మత్తయి సువార్త కళలో దీనికంటే ఎన్నో మెట్లు పైన ఉంటుంది, అందులో సందేహం లేదు. కానీ ఆయన నాస్తికుడు, బయట నిలబడి చూసినవాడు. క్యాష్ లోపలివాడు. లోపలివాడి కంట్లో కొన్ని కనిపిస్తాయి, కొన్ని కనిపించవు.

కనిపించనివి కూడా చెప్పాలి, లేకపోతే అభినందన భజన అవుతుంది. ఎల్‌ఫ్‌స్ట్రమ్ తల వెంట్రుకలు బంగారు రంగువి. నజరేతు వడ్రంగి ఉత్తర ఐరోపా నుంచి దిగినట్టుంటాడు. మన ఇళ్లలో గోడ మీద వేలాడే క్రిస్మస్ క్యాలెండరు యేసు కూడా అలాగే ఉంటాడు కాబట్టి మనం నవ్వే హక్కు కొంత పోగొట్టుకున్నాం. అంత దూరం వెళ్లి ఆ మట్టిని పట్టుకున్నవాళ్లు ఆ మట్టి మనిషి ముఖాన్ని వదిలేయడం మాత్రం వెలితే. పాటలు మరీ ఎక్కువ. ఒక్కోసారి పాట అయిపోయాక కథ ఎక్కడ ఆగిందో గుర్తు తెచ్చుకోవాల్సి వస్తుంది. క్యాష్ వ్యాఖ్యానం కొన్నిచోట్ల ఆదివారం బడి పిల్లాడు పాఠం అప్పజెప్పినట్టు సాగుతుంది. ఫోల్సమ్ జైల్లో ఖైదీల ముందు అంత చురుగ్గా మాట్లాడిన మనిషి, ప్రభువు కథ దగ్గరికి వచ్చేసరికి చేతులు కట్టుకున్నాడు. భయభక్తులు కళకి కొంచెం అడ్డం వస్తాయి. వాటిని దాచకుండా తెర మీద పెట్టినందుకే నాకు ఈ సినిమా ఇష్టం.

పాటల లెక్కకి వస్తే స్నేహితుల పంట. జాన్ డెన్వర్ రాసిన 'ఫాలో మీ'ని జూన్ మగ్దలేనే మరియ గొంతుగా మార్చుకుంది. ప్రేమికురాలి కోసం పుట్టిన పాట శిష్యురాలి పాటగా నిలిచింది, ఒక్క మాట మార్చకుండానే సరిపోయినట్టు అనిపిస్తుంది. జో సౌత్ పాట పిల్లల కోసం. పిల్లలతో యేసు ఆడుకునే ఆ ఘట్టం సినిమాలో అన్నిటికంటే తేలిగ్గా ఊపిరి పీల్చుకునే చోటు. క్రిస్టాఫర్సన్, గాట్లిన్, స్టాట్లర్ బ్రదర్స్ రాసినవీ పాడినవీ ఉన్నాయి. క్రిస్టఫర్ రెన్ అనే పాత్రికేయుడు రాసిన పాటలు కూడా ఉన్నాయి. ఆయన అప్పటికే క్యాష్ జీవితచరిత్ర ఒకటి రాశారు. సినిమా పాటలు 1973లో కొలంబియా రెండు రికార్డుల ఆల్బమ్‌గా విడుదల చేసింది. తెర చూడని వాళ్లు ఆ రికార్డు వింటే చాలు, కథంతా అందులోనే ఉంది. చెప్పే గొంతు, పాడే గొంతు. హరికథని రేడియోలో విన్నట్టే ఉంటుంది.

ట్వెంటియత్ సెంచరీ ఫాక్స్ సంస్థ సినిమాని థియేటర్లకి పంచింది. థియేటర్లలో అది పెద్దగా నిలబడలేదు. ఊగిపోయే రాక్ సంగీతంతో యేసు పక్క హాల్లో ఆడుతుంటే, చేతులు కట్టుకుని కథ చెప్పే నల్లబట్టల మనిషి ముందు ఎంతమంది కూర్చుంటారు! అప్పుడు బిల్లీ గ్రాహం సువార్త సంస్థకి చెందిన వరల్డ్ వైడ్ పిక్చర్స్ దాన్ని తీసుకుని చర్చిలకి తిప్పింది. క్యాష్‌కి గ్రాహం ఆప్తమిత్రుడు. 1972 జూన్‌లో డల్లాస్‌లో జరిగిన పెద్ద యువజన సువార్త సభల్లో ఇద్దరూ ఒకే వేదిక ఎక్కారు. అలా చర్చిలకి చేరాక ఈ సినిమాకి టిక్కెట్టు లేని రెండో బతుకు మొదలైంది.

ఈ రెండో బతుకు సంగతి మనకి బాగా తెలుసు. 1978లో వచ్చిన విజయచందర్ 'కరుణామయుడు' కూడా థియేటర్లలో ఆడి ఊరుకోలేదు. వ్యానులో ప్రొజెక్టరు పెట్టుకుని సువార్తికులు పల్లె పల్లెకీ తిప్పారు. రామాలయం పక్క అరుగు మీద, బడి ఆవరణలో, వెన్నెల్లో కూర్చుని జనం చూశారు. సిలువ ఘట్టం దగ్గర ముసలమ్మలు గుండెలు బాదుకున్న ఊళ్లున్నాయి. భక్తి సినిమాకి మ్యాట్నీ, ఫస్టు షో లెక్కలు సరిపోవు. దానికి తిరనాళ్ల లెక్క కావాలి. గాస్పెల్ రోడ్ అమెరికాలో అలాంటి తిరనాళ్ల సినిమాగానే బతికింది.

ఈ సినిమా తీశాక క్యాష్ పూర్తిగా బాగుపడిపోయారని నేను చెప్పను. మాత్రలు మళ్లీ పట్టుకున్నాయి. 1983 చివర్లో బెటీ ఫోర్డ్ సెంటర్‌లో చేరి చికిత్స చేయించుకున్నారు. డెబ్భయ్యో దశకం గడిచేకొద్దీ రికార్డుల అమ్మకాలూ తగ్గాయి. కానీ ఈ సినిమా దగ్గర పట్టిన పని మాత్రం వదల్లేదు. జూన్‌తో కలిసి పోస్టు ద్వారా బైబిల్ చదువు చదివి పట్టా తీసుకున్నారు, దేశమంతా కచేరీలు తిరుగుతూనే, బస్సులో పాఠాలు చదువుకుంటూ. అపొస్తలుడైన పౌలు మీద 'మ్యాన్ ఇన్ వైట్' అని నవల రాసి 1986లో అచ్చువేయించారు. జీవితమంతా నల్లబట్టలు కట్టుకున్న మనిషి రాసిన ఒకే ఒక్క నవల పేరు అది. 1990లో కొత్త నిబంధన మొత్తం తన గొంతుతో చదివి రికార్డు చేశారు. గలిలయ కొండ మీద మొదలుపెట్టిన చదువు దాంతో పూర్తయింది. 1990 నాటి గొంతులో 1971 నాటి తడబాటు లేదు. ఆ రెండూ పక్కపక్కన పెట్టి వినమని అడిగిన వాళ్లందరికీ చెబుతుంటాను.

తన పనులన్నింటిలో ఈ సినిమాని చూసుకునే గర్వపడతానని ఆయన అంటూ ఉండేవారు. విమర్శకులు ఆ మాటని మర్యాదగా విని పక్కన పెట్టారు. ఫోల్సమ్ ఆల్బమ్ చేసినాయన, సంగీత నిర్మాత రిక్ రూబిన్‌తో 1994 నుంచి మొదలైన ఆ చివరి ఆల్బమ్‌లు చేసినాయన, ఈ చిన్న సినిమాని ఎలా ముందు పెడతాడని వాళ్ల ప్రశ్న. నాకు ఇందులో వింతేమీ కనిపించదు. జైలు ఆల్బమ్‌కి కంపెనీ ఉంది, చివరి ఆల్బమ్‌లకి రూబిన్ ఉన్నారు. ఇది మాత్రం ఎవరూ అడగనిది. తానే తలపెట్టి, తన సొమ్ముతో తీసి, లాభం వస్తుందని ఎవరూ చెప్పని చోట పెట్టి వచ్చినది. పెళ్లిళ్లలో పాడి సంపాదించినవాడు ఊళ్లో గుడి కట్టించుకుంటే, తన జీవితంలో ఏది పెద్దది అంటే దేన్ని చూపిస్తాడు?

ఇంకో సంగతి. ఈ సినిమా చూడలేదనుకునేవాళ్లలో చాలామంది దీని ముక్కలు చూసే ఉన్నారు. మార్క్ రోమనెక్ తీసిన 'హర్ట్' వీడియోలో ముసలి క్యాష్ ముఖానికీ, మూసేసిన ఆయన మ్యూజియానికీ మధ్య పాత బొమ్మలు మెరుపుల్లా వచ్చిపోతాయి. వాటిలో యేసు, సిలువ ఉన్న బొమ్మలు ఈ సినిమాలోవే. ఇంటర్నెట్‌లో లోకమంతా చూసిన ఆ వీడియోలో, థియేటర్లలో ఆడని ఆ సినిమా నిశ్శబ్దంగా కూర్చుని ఉంది. 2003 మే నెలలో జూన్, సెప్టెంబరులో క్యాష్ వెళ్లిపోయారు. సినిమాకి యాభై, వాళ్లు పోయి ఇరవై, రెండు లెక్కలూ ఒక్క ఏడాదిలోనే కలిశాయి.

పండగ అన్నాక చేయాల్సిన పని కూడా ఒకటి ఉండాలి. మన సంఘాల యువజనులు ప్రతి డిసెంబరులో తెర కట్టి ఏదో ఒక యేసు సినిమా వేస్తూనే ఉంటారు. ఈసారి హక్కులున్నవాళ్ల అనుమతి తీసుకుని దీన్ని వేయండి. తెలుగు డబ్బింగు అక్కర్లేదు. పాత్రలు పెదవులు కదపడమే తక్కువ కాబట్టి దీనికి డబ్బింగ్ స్టూడియో ఖర్చు దండగ. మూగ సినిమాల కాలంలో తెర పక్కన నిలబడి కథ చెప్పే మనిషి ఉండేవాడు. అలాగే ఒకరిని నిలబెట్టండి. క్యాష్ మాట్లాడుతున్నప్పుడు సౌండు తగ్గించి ఆ మనిషి తెలుగులో చెప్పాలి. పాట రాగానే నోరు మూసుకుని సౌండు పెంచాలి. సిలువ వెనక నగరాలు వచ్చినప్పుడు అసలేమీ చెప్పకూడదు. పాస్టర్ గారిని ఆ పనికి పిలవకండి, ఆయన ప్రసంగంలోకి వెళ్లిపోతారు. ఊళ్లో బుర్రకథ చెప్పే కుటుంబం ఎవరైనా ఉంటే వాళ్లలో ఒకరిని పిలవండి. గొంతు కాస్త బొంగురుగా ఉంటే మరీ మంచిది. ముందు రెండుసార్లు సినిమా చూపించి, మధ్యాహ్నం భోజనం పెట్టి, సంభావన కవరు మాత్రం మరిచిపోకుండా ఇచ్చి, సాయంత్రం ఏడింటికి మైకు చేతికివ్వండి.